ఒప్పుకోవాలంటే ప్రతి టిక్కీ విప్పాలి

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డులో పొద్దున్నే తిరిగిన వాళ్ళందరికీ ఈ దృశ్యం తెలుసు. కొనేవాడు లాటు దగ్గరికొచ్చి ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి విప్పిస్తాడు. గుప్పెడు కాయలు తీసి నలిపి చూస్తాడు. తాలు ఎక్కువుందనో, తేమ ఇంకా దిగలేదనో అనిపిస్తే రెండో టిక్కీ ముట్టుకోడు, పక్క లాటుకెళ్ళిపోతాడు. సరుకు నచ్చితే మాత్రం అంత తొందరగా కదలడు. ఇంకో టిక్కీ విప్పమంటాడు, అడుగు నుంచి తీయమంటాడు, వెనక వరసలోది కూడా చూపించమంటాడు. వద్దనడానికి ఒక్క టిక్కీ చాలు. ఒప్పుకోవాలంటే అన్నీ చూడాలి.

చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాము తప్పించుకోలేని ఆటకట్టును ఎలా కనిపెడుతుందని నన్ను ఎవరడిగినా ముందు ఈ యార్డు సంగతే చెబుతాను. ఆ ప్రోగ్రాము చేసే పని అచ్చం ఇదే.

ఈ వ్యాసం ముఖ్యంగా కొత్తగా చెస్ కోచింగ్‌లోకి వచ్చినవాళ్ళ కోసం. పగలు బడిలో వ్యాయామ పాఠాలు చెప్పి సాయంత్రం నాలుగు బోర్డులు పరిచేవాళ్ళు, బ్యాంకు పని అయ్యాక ఆదివారాలు క్లాసు తీసుకునేవాళ్ళు, ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ అపార్ట్‌మెంట్ పిల్లలకు నేర్పేవాళ్ళు గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేటల్లో చాలామందే ఉన్నారు. పెంటేల హరికృష్ణ 1986లో, ద్రోణవల్లి హారిక 1991లో పుట్టింది గుంటూరులోనే. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు హరికృష్ణకు పదిహేనేళ్ళు. హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది, 2012, 2015, 2017 మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో కాంస్యం తెచ్చుకుంది. వాళ్ళ పేర్లు విన్న తల్లిదండ్రులు మన దగ్గరికి పిల్లల్ని వేలు పట్టుకుని తీసుకొస్తారు. అయితే ఆ తండ్రి జేబులోని ఫోనులో స్టాక్‌ఫిష్ ఉంటుంది. 2008లో మొదటిసారి విడుదలైన ఈ ఉచిత ప్రోగ్రాము ఏ మనిషి కంటే అయినా బాగా ఆడుతుంది. జవాబు ఆయన ఫోనులోనే ఉంటే మీకు ఫీజు దేనికి? ఈ ప్రశ్నకు మీ దగ్గర గట్టి సమాధానం ఉండాలి. అది దొరకాలంటే ఆ ఫోను ఎలా ఆలోచిస్తుందో మీకు తెలియాలి.

బోర్డు తీసి ఈ స్థానం పెట్టండి. తెల్ల రాజు జి1లో, మంత్రి సి4లో, గుర్రం జి5లో, బంట్లు ఎఫ్2, జి2, హెచ్2లలో. నల్ల రాజు హెచ్8లో, మంత్రి ఎ5లో, ఏనుగు డి8లో, బంట్లు ఎ7, బి7, జి7, హెచ్7లలో. పిల్లలు క్వీన్ అంటారు, వాళ్ళ తాతయ్యలు మంత్రి అంటారు. నాకు మంత్రే అలవాటు. ఎత్తు తెల్లవాళ్ళది.

ఇక్కడ తెల్లవాళ్ళు ఇవ్వగలిగిన చెక్‌లు రెండే. మంత్రిని జి8లో పెట్టొచ్చు, కానీ దానికి కాపు లేదు, రాజు తినేస్తాడు. రెండోది గుర్రం ఎఫ్7. రాజు జి8కి జరగాల్సిందే, వేరే దారి లేదు. ఇప్పుడు గుర్రం హెచ్6కి వెళితే చెక్ రెండు వైపుల నుంచి పడుతుంది, గుర్రం నుంచి ఒకటి, వెనక నుంచి మంత్రిది ఒకటి. రెండు చెక్‌లు కలిసి వచ్చినప్పుడు అడ్డం పెట్టడం, తినడం కుదరవు, రాజే కదలాలి. ఎఫ్8కి పోతే మంత్రి ఎఫ్7లో కూర్చుంటుంది, ఆటకట్టు. హెచ్8కి పోతే మంత్రిని జి8లో బలి ఇస్తాం. హెచ్6 గుర్రం కాపు ఉంది కాబట్టి రాజు తినలేడు, ఏనుగే తినాలి. తిన్న ఆ ఏనుగు రాజు పక్క గడిని మూసేస్తుంది. గుర్రం మళ్ళీ ఎఫ్7కి వస్తుంది. రాజు తన సొంత మనుషుల మధ్యే ఊపిరాడక చస్తాడు.

ఇప్పుడు లెక్క పెట్టండి. నల్లవాళ్ళ జవాబులు మొదట ఒకటి, తర్వాత రెండు, చివర ఒకటి, మొత్తం నాలుగు. వాటిని పట్టే మన ఎత్తులు అయిదు. తొమ్మిది ఎత్తులు కాగితం మీద రాస్తే ఈ ఆటకట్టుకు రుజువు పూర్తయినట్టే, ఇంకెవరూ కాదనలేరు. మన వంతు వచ్చినప్పుడు ఒక్క మంచి ఎత్తు చూపిస్తే చాలు. అవతలివాడి వంతు వచ్చినప్పుడు వాడికున్న ప్రతి ఎత్తుకూ జవాబు చూపించాలి. ప్రతి టిక్కీ విప్పడమంటే అదే.

రుజువు తొమ్మిది ఎత్తులే. దాన్ని వెతికి పట్టుకోవడమే కష్టం. ఆట మధ్యలో ఒక స్థానంలో సగటున 35 దాకా ఎత్తులుంటాయి. మన ఎత్తు ఒకటి, అవతలివాడిది ఒకటి, ఇలా విడివిడిగా లెక్కిస్తే నాలుగో ఎత్తులో ఆటకట్టంటే ఏడు అడుగులు. ఏడు అడుగుల లోతుకు అన్నీ చూడాలంటే 35ను ఏడుసార్లు గుణించాలి, అది సుమారు 6,400 కోట్లవుతుంది. 1951లో మాంచెస్టర్‌లో డీట్రిష్ ప్రింట్స్ అనే ఆయన ఫెరాంటీ మార్క్ 1 యంత్రం మీద నడిపిన ప్రోగ్రాము రెండెత్తుల ఆటకట్టు ఒకటి కనిపెట్టడానికే పావుగంట తీసుకుంది. ఇప్పటి ఫోను రెప్పపాటులో చెప్పేస్తోంది. యంత్రం వేగం పెరగడం ఒక్కటే దానికి కారణం కాదు. యార్డులో కొనేవాడి తెలివి దానికీ వచ్చింది.

ఆ తెలివిని ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఆల్ఫా-బీటా అంటారు. మనం అనుకున్న ఎత్తుకు అవతలివాడి దగ్గర ఒక్క గట్టి జవాబు కనబడితే చాలు, ఆ ఎత్తును అక్కడే వదిలేయొచ్చు. వాడికింకా ఎన్ని జవాబులున్నాయో చూడక్కర్లేదు. మన స్థానంలో మంత్రి నేరుగా జి8కి పోతే రాజు తినేస్తాడని తెలిసింది కదా, ఇక దాని వెనక ఏముందని తవ్వడం దండగ. మంచి ఎత్తుల్ని ముందు చూసేలా వరస పెట్టుకోగలిగితే ఇందాకటి 6,400 కోట్లు సుమారు 15 లక్షలకు దిగుతాయి. ఈ ఒక్క లెక్క మీ పెద్ద పిల్లల చేత చేయించండి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఘాతాంకాల పాఠం ఇంతకంటే బాగా అర్థమయ్యే చోటు నాకు తెలియదు.

వరస ముఖ్యం కాబట్టే ప్రోగ్రాము ఒక్కసారిగా లోతుకు దూకదు. ముందు ఒక అడుగు చూస్తుంది, తర్వాత మళ్ళీ మొదటి నుంచి రెండడుగులు, తర్వాత మూడు. చేసిందే చేసినట్టు కనిపిస్తుంది గానీ కిందటిసారి బాగున్న ఎత్తు ఈసారి ముందుకొస్తుంది. చూసిన స్థానాల్ని గుర్తుపెట్టుకుంటుంది. వేరే దారిలో అదే స్థానం మళ్ళీ వస్తే పాత జవాబే వాడుకుంటుంది. తెర మీద లోతు 12, 18, 25 అని పెరుగుతూ కనిపించేది ఇదే.

ఆ లోతు అంకెను చూసి తల్లిదండ్రులు మోసపోతారు, మనమూ మోసపోతాం. లోతు 25 అంటే అన్ని దారుల్లోనూ 25 అడుగులు చూసినట్టు కాదు. కొన్ని దారులు అంతకంటే చాలా లోతుకు వెళ్ళుంటాయి, కొన్ని పదిలోపే ఆగిపోయుంటాయి. చెక్ వచ్చిన చోట, పావులు తినుకునే చోట, ఒక్కటే జవాబు ఉన్న చోట చాలా ప్రోగ్రాములు ఇంకాస్త ముందుకెళ్ళి చూస్తాయి. 1997లో కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థానాలు చూసేది. అంతకుముందు ఆ జట్టువాళ్ళు, మన థామస్ అనంతరామన్‌తో సహా, ఒక పద్ధతి తయారు చేశారు. ఒక స్థానంలో మిగతా అన్నిటికంటే ఒకే ఎత్తు బాగా మెరుగ్గా ఉంటే, ఆ దారిలో ఒక అడుగు ఎక్కువ చూడమన్నారు. బలవంతపు దారులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వాటిలో లోతుకు పోవడానికి పెద్దగా ఖర్చు కాదు. మన స్థానంలో మంత్రి బలి అయిన చోట ఆగి పావులు లెక్కపెడితే తెల్లవాళ్ళు చిత్తుగా ఓడినట్టుంటుంది. ఒక్క అడుగు ముందుకేస్తే ఆటకట్టు. ఆ ఒక్క అడుగు కోసమే ఈ ఏర్పాటంతా.

ఇంకో సంగతి. చెక్‌లు, తినడాలు లేని నిశ్శబ్దపు ఎత్తుల్ని, అందులోనూ వరసలో వెనకపడ్డవాటిని, ప్రోగ్రాము తక్కువ లోతుకే చూస్తుంది. అందుకే ఒక మెత్తని ఎత్తుతో మొదలయ్యే ఆటకట్టును కొన్నిసార్లు ఆలస్యంగా కనిపెడుతుంది. పాత సమస్యల పుస్తకాల్లోని స్థానాలు పెట్టినప్పుడు మీకిది కనిపిస్తుంది. కంప్యూటర్‌కు కనబడలేదు కాబట్టి పుస్తకం తప్పనేయకండి. కాసేపు నడవనివ్వండి, లేదా ఆటకట్టునే వెతకమని విడిగా ఆదేశం ఇవ్వండి, చాలా ప్రోగ్రాముల్లో ఆ వీలుంది. ఆటకట్ల కోసమే పుట్టిన పద్ధతులూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో విక్టర్ ఆలిస్, ఆయన సహచరులు 1994లో ప్రకటించిన పద్ధతిలో ప్రోగ్రాము ఎక్కడ అవతలివాడికి తక్కువ జవాబులున్నాయో అక్కడికే ముందు పోతుంది, రుజువు త్వరగా ముగిసే చోటు అదే కాబట్టి. అదే దారిలో నడిచిన జపాన్ ప్రోగ్రాము ఒకటి, వాళ్ళ షోగీ ఆటలో 1525 ఎత్తుల ఆటకట్టు సమస్యను ఛేదించింది.

తెర మీద రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. ప్లస్ 6 అనేది అంచనా. మేట్ 4 అనేది రుజువు. పత్తి చేను చూసి ఎకరాకు ఇన్ని క్వింటాళ్ళు దిగుతుందని చెప్పడానికీ, కాటా మీద పెట్టి తూచి చెప్పడానికీ ఎంత తేడా ఉందో వీటికీ అంత తేడా ఉంది. మేట్ అని చూపించాక అది ఉన్నట్టే. అయితే అదే అన్నిటికంటే పొట్టి దారి అన్న హామీ లేదు, ఇంకాసేపు నడిస్తే అంకె తగ్గొచ్చు. మన స్థానంలోనే చూడండి. రెండో ఎత్తులో గుర్రం హెచ్6కి పోకుండా డి8లో ఏనుగును తినేయొచ్చు. వెనక నుంచి మంత్రి చెక్ ఎలాగూ పడుతుంది, గెలుపు చేతిలోనే ఉంటుంది, కానీ నల్లవాళ్ళు మంత్రిని డి5లో అడ్డం పెట్టి ఆటను పొడిగిస్తారు. చాలామంది పిల్లలు ఏనుగే తింటారు. తప్పని తిట్టకండి, ఇంకా దగ్గరి దారి ఉందేమో చూడమనండి.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకుండా ఉంటారని.

పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేసే ఒకాయన నరసరావుపేట వైపు నుంచి ఆదివారాలు కూతుర్ని బస్సులో తీసుకొచ్చేవాడు. పిల్లకు తొమ్మిదేళ్ళు, చురుకైంది. నేను అప్పుడు ప్రోగ్రాము చూపించిన వరసల్ని అచ్చేసి పిల్లలకు పంచేవాణ్ణి. ఈ ఊపిరాడని ఆటకట్టు కూడా అలాగే ఇచ్చాను. గుర్రం ఎఫ్7, రాజు జి8, గుర్రం హెచ్6, రాజు హెచ్8, మంత్రి జి8, ఏనుగు తింటుంది, గుర్రం ఎఫ్7. ఒకే వరస. పిల్ల దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పేది. కొన్నాళ్ళకు ఒంగోలులో ఒక పిల్లల పోటీలో దాదాపు ఇదే స్థానం ఆమె బోర్డు మీదికి వచ్చింది. రెండెత్తులూ సరిగ్గా వేసింది. అవతలి పిల్లవాడు రాజును హెచ్8కి కాకుండా ఎఫ్8కి జరిపాడు. మంత్రిని ఎఫ్7లో పెడితే ఆట అయిపోతుంది. ఈ పిల్ల నేర్చుకున్నట్టే మంత్రిని జి8లో పెట్టింది. రాజు ఈ7 మీదుగా బయటపడ్డాడు, చివరికి ఆట పోయింది.

మరుసటి ఆదివారం ఆ తండ్రి ఫోను చూపించాడు. "మాస్టారూ, మీరు నేర్పినట్టే ఆడింది గదా, మరి ఎందుకు పోయింది?"

ఆయన అడిగిన తీరులో కోపం లేదు. అందుకే ఎక్కువ బాధేసింది. తప్పు నాది. ప్రోగ్రాము తెర మీద ఒక్క వరసే చూపిస్తుంది, అది అవతలివాడు ఆటకట్టును ఎక్కువసేపు వాయిదా వేసే వరస. ఎఫ్8 అయితే మూడో ఎత్తుకే అయిపోతుంది కాబట్టి దాన్ని లోపల చూసింది, తూచింది, మనకు చూపించలేదు. దాని కడుపులో తొమ్మిది ఎత్తుల రుజువుంటే నేను పిల్లకు ఏడే ఇచ్చాను. మనిషి యంత్రంలా ఆలోచించడు. భయపడ్డ పిల్లవాడు దగ్గరగా కనబడిన గడిలోకి రాజును జరుపుతాడు.

అప్పటి నుంచి నా క్లాసు మారింది. ఫోనును బల్ల మీద బోర్లించి ఉంచుతాను. పిల్లల నోటుపుస్తకంలో మన ఎత్తులు ఎర్ర పెన్నుతో, అవతలివాడివి నీలం పెన్నుతో రాయిస్తాను. ఎర్ర గీత ఒకటి చాలు, నీలం గీతలు ఎన్ని కుదిరితే అన్ని ఉండాలి. పిల్ల ఒక ఎత్తు చెప్పగానే బాగుందనో బాలేదనో అనను. "ఏమ్మా, వాడికి ఎన్ని దారులున్నాయి?" అంటాను. వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాలి. ఒకటంటే ఒకటని ఎలా తెలిసిందో చెప్పాలి. తినొచ్చా, అడ్డం పెట్టొచ్చా, రాజు కదలొచ్చా, ఈ మూడూ అడిగాకే అంకె ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఫోను తిప్పుతాం, పిల్ల రాసినదాన్ని యంత్రం సరిచూస్తుంది. పిల్ల వదిలేసిన నీలం గీత ఉంటే బోర్డు మీద ఆ ఎత్తు వేసి యంత్రాన్ని జవాబడుగుతాం. మొదట్లో ఒక్క స్థానానికే అరగంట పడుతుంది. పడనివ్వండి. వారానికి యాభై సమస్యలు చేయించామని తల్లిదండ్రులకు చెప్పుకోవడం కంటే అయిదు స్థానాలకు ఈ ఎర్ర, నీలం గీతల చెట్టు పూర్తిగా గీయించడం మేలు.

ఆట చివర్లో పావులు తగ్గాక ఇంకో సహాయం ఉంది. రాజులతో కలిపి ఏడు పావుల్లోపు మిగిలితే ఫలితం ముందే లెక్కగట్టి పెట్టిన పట్టికలున్నాయి. అవి ముందుకు వెతికి తయారు చేసినవి కావు, ఆటకట్టు పడ్డ స్థానాల నుంచి వెనక్కి నడుస్తూ కట్టినవి. 2012లో మాస్కో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్ మీద కట్టిన ఏడు పావుల పట్టికల్లో ఒక స్థానం 549 ఎత్తులకు గానీ కట్టుపడదని తేలింది. దాన్ని ఎవరికీ నేర్పనక్కర్లేదు. బిషప్, గుర్రంతో ఒంటరి రాజును కట్టేయడానికి ఎంత చెడ్డ స్థానంలోనైనా 33 ఎత్తులు చాలన్నది మాత్రం పెద్ద పిల్లలకు నేర్పండి. యాభై ఎత్తుల నియమం లోపల పూర్తవుతుందన్న ధైర్యం వాళ్ళకుండాలి.

ఈ వృత్తిలో పైకి రావాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు అతని సహాయక బృందంలో మన హరికృష్ణ ఉన్నాడు. ఆ స్థాయి ఆటగాళ్ళందరి దగ్గరా ఇవే ప్రోగ్రాములుంటాయి, ఇంకా పెద్ద యంత్రాల మీద నడుస్తూ. అయినా మనిషిని పెట్టుకుంటారు. యంత్రం ఇచ్చిన వందల వరసల్లో ఏది బోర్డు మీద మనిషికి గుర్తుంటుందో, అవతలివాడికి ఏది ఇబ్బంది పెడుతుందో ఏరిపెట్టేవాడు కావాలి కాబట్టి. మీ ఊళ్ళో ఆరేళ్ళ పిల్లకు మీరు చేయాల్సిన పని కూడా చిన్న ఎత్తున అదే. కాగితాల సంగతికొస్తే అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఇచ్చే శిక్షకుల బిరుదుల్లో కింది మెట్టు డెవలప్‌మెంటల్ ఇన్‌స్ట్రక్టర్, ఆ పైన నేషనల్ ఇన్‌స్ట్రక్టర్, ఫిడే ఇన్‌స్ట్రక్టర్, ఫిడే ట్రైనర్. పోటీల్లో తీర్పు చెప్పే ఆర్బిటర్ల పరీక్షల దారి వేరు. బడులు కోచ్‌ను తీసుకునేటప్పుడు ఇవి అడుగుతున్నాయి, ఒకటైనా చేసి పెట్టుకోండి. ఆర్బిటర్ పని తెలిస్తే సెలవుల్లో పోటీలున్న రోజుల్లో కూడా ఆదాయం ఉంటుంది.

చివరిగా తల్లిదండ్రులతో మొదటి రోజే చెప్పాల్సిన మాట ఒకటుంది. పోటీలో ఫోను పిల్లల దగ్గర ఉండకూడదు, జేబులో ఆపేసి ఉన్నా సరే. ఆర్బిటర్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఆట జరుగుతుండగా ఆటగాడి దగ్గర అలాంటి పరికరం దొరికితే ఆట పోయినట్టేనని ఫిడే నియమాలు చెబుతున్నాయి. తెలియక చేశామంటే ఒప్పుకోరు. హాలు బయట నిలబడి ఏడ్చే పిల్లను ఒక్కసారి చూసినా మీకు ఇది చెప్పడం మర్చిపోవడం కుదరదు.

ఈ ఆదివారం పైన చెప్పిన స్థానాన్ని మీ క్లాసులో పెట్టండి. పేరు చెప్పకండి, ఎన్నెత్తులో చెప్పకండి, గెలుపుందని కూడా చెప్పకండి. పిల్లలు తొమ్మిది ఎత్తులూ రాసి తెచ్చేదాకా ఫోను తిప్పకండి.